లండను నగరపు పానసంగీతశాలలు

సంస్కృతమునందు ‘పాత్ర’ శబ్దమునకు రెండర్థములు లోకప్రసిద్ధములు. త్రాగుటకు సాధనమైన గిన్నె యొకటి. నాటకమునందు నటుఁడు ధరించు భూమిక రెండవది. వైయాకరణులు పానార్థకమైన ‘పా’ ధాతువునకు ష్ట్రన్ ప్రత్యయమును జేర్చి మొదటి యర్థమును సాధింతురు. రక్షణార్థకమైన ‘పా’ ధాతువునుండియు నీ రూపము సిద్ధించును. తనయందున్న ద్రవమును ఒలికిపోకుండఁ గాచునది కావున గిన్నె పాత్రము. కవి తనయందుంచిన రసమును జాఱనీక సభకు అందించువాఁడు కావున నటుఁడును బాత్రమే యని సమన్వయము చెప్పవచ్చును. శబ్దశాస్త్రమున నీ రెండును ఇట్లు కలిసియుండఁగా, ఆంగ్లదేశపు రాజశాసనములు మాత్రము ఈ రెండు పాత్రములును ఒక్క కప్పు క్రింద నుండరాదని చిరకాలము విధించుచువచ్చినవి. ఆ నిషేధపు నీడలోనే పుట్టి, డెబ్బది యెనుబది యేండ్లు వర్ధిల్లి, పిదప క్షీణించిన వినోదస్థానములే లండను నగరపు ‘మ్యూజిక్ హాలులు’.

ఇవి నశించుటకుఁ గారణమేమి యను విషయమునందు రెండభిప్రాయములు వినవచ్చుచున్నవి. చలనచిత్రమును రేడియోయు వచ్చి వీనిని మ్రింగివేసినవని కొందఱందురు. మద్యముతోడి సంబంధమే మూలదోషమై వీనిని గూల్చినదని మఱికొందఱందురు. వీని చరిత్రమును మొదటినుండి పరిశీలించినచో నీ రెండభిప్రాయములును బూర్ణసమాధానములు గావని తేలును.

1. పానగోష్ఠియుఁ బ్రేక్షణమును

పానస్థానమునకును వినోదమునకును గల సంబంధము మన ప్రాచీనులకుఁ దెలియనిది కాదు. అమరసింహుఁడు ఆపానమునకుఁ బానగోష్ఠికను బర్యాయముగాఁ జెప్పెను. ఒంటరిగాఁ ద్రాగుట యాపానము గాదు. నలుగురు చేరిన గోష్ఠియే యాపానమని దీనివలన నేర్పడుచున్నది. వాత్స్యాయనుఁడు నాగరకుని నిత్యవృత్తమును వర్ణించుచు, ఒకరి యింట నొకరు జరుపుకొను ఆపానకములను బేర్కొనెను. కుశీలవులు వచ్చి ప్రదర్శనము లిచ్చు సమాజమును మాత్ర మతఁడు సరస్వతీభవనమునందు ఉంచెను. కౌటల్యుని యర్థశాస్త్రమునందు సురాధ్యక్షప్రకరణ మొకటి కలదు. పానాగారమునందుఁ బలు కక్ష్యలు, వేఱువేఱు శయనాసనములు, గంధమాల్యోదకములు నుండవలెననియు, ఋతువున కనువైన సుఖము నేర్పఱుపవలెననియు నతఁడు చెప్పెను. అచ్చటికి వచ్చినవారి వ్యయమును గూఢచారులు కనిపెట్టుచుండవలెననియు విధించెను. నటగాయకవాదకులను గూర్చి వేఱొకచోట, జనపదనివేశప్రకరణమునందుఁ జెప్పుచు, వారు పల్లెవాండ్ర పనులకు విఘ్నము గావింపఁగూడదని నియమించెను.

దీనినిబట్టి యీ గ్రంథములందుఁ బానమునకొక చోటును, బ్రేక్షణమునకొక చోటును వేఱుగాఁ జెప్పఁబడియున్నవని తెలియును. రాజ్యమునకుఁ బానశాలపై నొక కన్ను, నటునిపై నొక కన్ను నుండుట ప్రాచీనమైన సంగతియే. ఆంగ్లదేశమున నీ రెండు కన్నులును ఒక్క భవనముపైఁ బడిన విధము విచిత్రమైనది.

2. శాసనములు గీచిన యెల్ల

1737 వ సంవత్సరమునఁ జేయఁబడిన శాసనమువలన ఆంగ్లదేశపు నాటకములన్నియు లార్డు చాంబర్లేను అను రాజాస్థానాధికారి పరిశోధనకు లోఁబడెను. లండనునందు సంభాషణారూపమైన నాటకమును బ్రదర్శించు నధికారము డ్రూరీలేను, కోవెంటుగార్డెను అను రెండు రాజముద్రాంకిత శాలలకే ప్రధానముగా నుండెను. తక్కిన శాలలు పాటయు నాటయు మూకాభినయమును గలిపి కాలక్షేపము సేయవలసివచ్చెను. 1751 నాఁటి మఱియొక శాసనము, లండను వెస్టుమినిస్టరులందును వాని చుట్టు నిరువది మైళ్ల లోపలను సంగీతనృత్యాదులు జరుగు స్థలములకు న్యాయాధికారుల యనుజ్ఞాపత్రము కావలయునని విధించెను. ఇట్లు నాటకమునకొక ద్వారమును, సంగీతమునకొక ద్వారమును వేఱువేఱుగా నేర్పడినవి.

పానశాలలవారు రెండవ ద్వారముననే ప్రవేశించిరి. బీరు త్రాగ వచ్చినవారు మేజాల చుట్టును గూర్చుండి వంతులవారిగాఁ బాటలు పాడుకొనుట లండనునందుఁ బూర్వమునుండియుఁ గలదు. పంతొమ్మిదవ శతాబ్దపుఁ బూర్వార్ధమున నీ యాచారము రెండు శాఖలుగా విస్తరించెను. మొదటి శాఖ ధనికులు, విద్యార్థులు, పత్రికా రచయితలు చేరు రాత్రిభోజనశాలలు. కోవెంటుగార్డెనునందలి ఎవాన్సు శాల, స్ట్రాండు వీథియందలి కోల్‌హోలు, మెయిడెన్‌లేనునందలి సైడరు సెల్లరులు వీనిలోఁ బ్రసిద్ధములు. వీనియందు శ్రోతలు పురుషులే. ఎవాన్సు శాలలోఁ బిదప స్త్రీలకుఁ బ్రవేశ మిచ్చినప్పుడును, తెఱమాటున నుండు మేడయందే వారు కూర్చుండవలసియుండెను. థాకరే రచించిన ‘ది న్యూకమ్స్’ అను నవలలోని సంగీతగుహ యిట్టి శాలల ప్రతిబింబమే. సైడరు సెల్లరులలో డబ్ల్యు. జి. రాస్ అను గాయకుఁడు ఉరికంబ మెక్కఁబోవు నేరగాని వేషమున ‘శామ్ హాల్’ అను పాట పాడి నగరమెల్లఁ బేరు పొందెను.

రెండవ శాఖ శ్రమజీవుల పేటలయందలి పానశాలల వెనుక వెలసిన చిన్న రంగస్థలములు. సిటీరోడ్డునందలి ‘ఈగిల్’ పానశాలయు, దానికిఁ జేరిన గ్రీషియన్ సలూనును వీనిలో ముఖ్యములు. ఇచ్చటఁ ద్రాగుచు, పొగ పీల్చుచు, పాటలతోఁ గూడిన చిన్న నాటకములను జూచుచుండిరి.

1843 నాఁటి నాటకశాలల శాసనము రాజముద్రాంకితశాలల గుత్తాధిపత్యమును దొలఁగించెను. అంతటినుండి యనుజ్ఞ పొందిన యే శాలయైనను నాటకము నాడవచ్చును. కాని పానశాలల యజమానులు రెండు దారులలో నొకటి యెన్నుకొనవలసివచ్చెను. నాటకానుజ్ఞ కావలయునన్నచోఁ బ్రేక్షకులు కూర్చుండుచోట మద్యమును ధూమపానమును మానవలెను. మద్యమే కావలయునన్నచో న్యాయాధికారులిచ్చు సంగీతానుజ్ఞతోఁ దృప్తి నొంది, నాటకమును మానవలెను. గిన్నె యున్నచో భూమిక యుండరాదు. భూమిక యున్నచో గిన్నె యుండరాదు. కొందఱు నాటకము నెన్నుకొనిరి. చాలమంది మద్యమునే యెన్నుకొనిరి. మ్యూజిక్ హాలు పుట్టుక యీ యెన్నికయందే యున్నది.

ఫ్రాన్సుదేశమునను ఇట్టి యెల్లయే గీయఁబడెను. పారిసు నగరపుఁ గాఫే-కాన్సేరులలోఁ బాడువారు వేషము ధరింపరాదు, సంభాషణములు పలుకరాదు అను నియమము 1867 లో సడలింపఁబడువఱకును నుండెను. కావున నీ విచికిత్స యొక్క ఆంగ్లేయులదే కాదు.

3. కాంటర్‌బరీ శాల

చార్లెస్ మార్టన్ అను పానశాలాధిపతి థేమ్సునదికి దక్షిణమున, లాంబెత్ పేటలోని కాంటర్‌బరీ ఆర్మ్సు అను పానశాలను 1849 లోఁ జేపట్టెను. దాని వెనుక, బంతితోఁ గొయ్యగుంజలను బడఁగొట్టు నాట యాడుచోట నతఁ డొక శాలను గట్టించి, 1852 వ సంవత్సరము మే నెల 17 వ తేదిని దెఱచెను. సుమారు ఏడువందలమంది యందుఁ గూర్చుండవచ్చును. రెండేండ్లకే, అనఁగా 1854 లో, దానిని బదునైదువందలమందికిఁ జాలునట్లు పెంచవలసివచ్చెను. అంతకుముందును సంగీతముగల పానశాలలు పెక్కులుండెను. ఐనను ‘శాలల తండ్రి’ యను బిరుదము మార్టనునకే దక్కినది.

ఆ బిరుదమునకుఁ గారణము రెండు విశేషములు. మొదటిది, పురుషులతోఁ బాటు స్త్రీలకును బ్రవేశ మిచ్చుట. భార్యాభర్త లొక్క మేజా కడఁ గూర్చుండి వినఁదగిన వినోదమే జరుగునని దీనివలన జనులకు నమ్మకము గలిగెను. రెండవది, ప్రవేశమూల్యపు విధానము. మొదట నాఱు పెన్నీలిచ్చి చీటి కొనినవానికి ఆ చీటికి బదులుగాఁ బానీయమో భోజ్యమో లభించుచుండెను. ఇచ్చట గమనింపవలసిన యంశ మొకటి కలదు. ప్రేక్షకుఁడు పాటకు వెల యిచ్చుట లేదు. గిన్నెకు వెల యిచ్చుచున్నాఁడు. పాట గిన్నెతోడి కానుక. గాయకుని జీతము, వాద్యకారుల వేతనము, దీపముల ఖర్చు, గోడలయందలి చిత్రములు, సర్వమును మద్యపులాభమునుండియే నడచుచుండెను. మార్టను ఆ లాభముతోనే 1856 లోఁ జిత్రశాల నొకదానిని జేర్చెను. నదికి ఉత్తరముననున్న రాజకీయ చిత్రకళాపరిషత్తును దలఁచుకొని పరిహాసకులు దానిని ‘నది యావలి రాయల్ అకాడమీ’ యనిరి. శామ్ కోవెల్ వంటి హాస్యగాయకుల పాటలతోఁ బాటు ఇటలీ, ఫ్రాన్సు దేశముల సంగీతరూపకములనుండి యెత్తిన భాగములును అచ్చట బాడఁబడుచుండెను.

పిమ్మట నిట్టి శాలలు త్వరత్వరగా వెలసినవి. 1857 లో హోబర్నునందు వెస్టను శాలయు, 1859 లో వైట్‌చాపెలు ప్రాంతమున విల్టను శాలయు నేర్పడెను. మార్టనే 1861 లో ఆక్స్‌ఫర్డు వీథియందు ఒక ప్రాఁత పానశాల యున్నచోట ఆక్స్‌ఫర్డు మ్యూజిక్ హాలును నిర్మించెను. లీస్టరు చతుష్పథమునందు 1854 లో విజ్ఞానప్రదర్శనశాలగాఁ దెఱవఁబడిన పనాప్టికను భవనము ఆల్హంబ్ర యను పేరఁ బానవినోదశాలగా మాఱెను. 1861 లో నచ్చట జూల్ లెయొటార్ అను ఫ్రెంచి వ్యాయామకుఁడు భుజించువారి తలలపైగా ఒక యూఁగుకడ్డీనుండి మఱియొక యూఁగుకడ్డీకిఁ బక్షివలె దుమికెను.

4. శాలయందలి వ్యవస్థ

ఆ కాలపు శాల స్వరూప మిట్టిది. వీథివైపునఁ బానశాల, దాని వెనుక సంగీతశాల. నేలపైఁ బొడుగుపాటి మేజాలు, బల్లలు. పైన స్తంభములపై నిలిచిన మేడ. ఒక ప్రక్క మద్యము నందించు దీర్ఘమైన వేదిక. రంగమునకు ముందు, రంగమువైపు వీపు పెట్టి, అధ్యక్షుఁడు కూర్చుండును. అతని యెదుట నద్ద ముండును; దానియందు రంగమును జూచుకొనుచు, చేతిలోని చిన్న సుత్తితో మేజాను గొట్టి, రాఁబోవు గాయకుని పేరును జాటును; అల్లరి చేయువారిని మందలించును; అవసరమైనచోఁ బరిహసించును. అతని మేజాకడఁ గూర్చుండుట గౌరవము. ఆ గౌరవమునకు మూల్యముగా నతనికి మద్య మిప్పింపవలెను. మన పురాణశ్రవణములందు శ్రోతలకును బౌరాణికునకును నడుమ హెచ్చరిక చేయువాఁ డుండునట్లు, ఇచ్చట గాయకునకును సభకును నడుమ నధ్యక్షుఁ డుండెను.

పాడువా రొక్క రాత్రిలోఁ బెక్కు శాలలకుఁ బోవుచుండిరి. ఒక శాలయందు ఇరువది నిమిషములు పాడి, బండి యెక్కి వేఱొక శాలకుఁ బరుగెత్తి, అచ్చటఁ దమ వంతు తీర్చుకొని మఱియొక చోటికిఁ బోవుదురు. పాటల విశేషము పల్లవియందే యుండెను. చరణములను గాయకుఁడు పాడఁగా, పల్లవిని సభయంతయు గిన్నెలతో మేజాలపైఁ దాళము వైచుచుఁ బాడుచుండెను. గాయకుని ప్రతిభకు సభ పలికిన పల్లవియే కొలఁత.

జార్జి లేబోర్ను చరిత్ర యీ వ్యవస్థ యొక్క వైభవమును, హానిని గూడ నొక్కచోటఁ జూపును. అతఁడు మొదట యంత్రకర్మశాలలోఁ బని చేసినవాఁడు. 1866 లో ‘షాంపేన్ చార్లీ’ యను పాటతో నగరమునెల్ల నాకర్షించెను. ధనికయువకుని వేషము ధరించి, విలువగల ద్రాక్షామద్యమును గొనియాడు పాట యది. విలియం హాలండు అను శాలాధిపతి 1868 లో నతనితో నొడంబడిక చేసికొని, రంగముపైననే కాక వీథులందును ఆ వేషముతోనే నాలుగు గుఱ్ఱముల బండిలోఁ దిరుగవలెనని విధించెను. మద్యవ్యాపారులు తమ మద్యమును బేర్కొనిన గాయకులను ఆదరించిరి. ఆల్‌ఫ్రెడ్ వాన్సు అను ప్రత్యర్థి వేఱొక మద్యమును గీర్తించి పాడెను. ఇచ్చట గిన్నెయే భూమికగా మాఱినది. లేబోర్ను ఆ భూమికనుండి తప్పించుకొనలేకపోయెను. 1884 లో, నలువది రెండేండ్ల ప్రాయమున, దారిద్ర్యమున మరణించెను.

పానశాలలోఁ బుట్టిన మాట రాజ్యాంగభాషలోఁ బ్రవేశించుటకును ఈ శాలలే త్రోవ చూపినవి. రష్యాతుర్కుల యుద్ధకాలమున, 1877-78 లలో, జి. హెచ్. మాక్‌డెర్మటు పాడిన యుద్ధగీతపుఁ బల్లవిలో ‘జింగో’ యను నొట్టు పదముండెను. ఆ పదమునుండియే పరరాజ్యములపైఁ గయ్యమునకుఁ గాలు ద్రువ్వు దేశాభిమానమునకు ‘జింగోయిజము’ అను పేరు గలిగి, నేఁటికిని నిఘంటువులందు నిలిచియున్నది.

5. ఏకపాత్రమును నాటకలక్షణమును

శాసనము నాటకమును నిషేధించెను. కాని నాటక మనఁగా నేమి? ఈ ప్రశ్నయే న్యాయస్థానములను జాలకాలము వేధించెను. ఇద్దఱు రంగముపై నిలిచి సంభాషించినచో నాటకశాలల యజమానులు వ్యాజ్యములు వేయుచుండిరి. 1866 లోఁ బార్లమెంటు ఉపసంఘ మొకటి యీ వివాదమును విచారించెను; 1892 లో మఱియొకటి విచారించెను. ఒక్కఁడు నిలిచి పాడినచో మాత్రము దానిని నాటకమని యెవ్వరు ననలేదు. కావున శాలలవారు ఆ యొక్కనియందే సర్వమును నిలుపవలసివచ్చెను.

ఇచ్చట భారతీయాలంకారికులకు నవ్వు రాకమానదు. భరతముని చెప్పిన దశరూపకములలో భాణ మొకటి. దానియందుఁ బాత్ర మొక్కటే. ఆ యొక్క నటుఁడే కనఁబడని వారితో ఆకాశభాషితములచే సంభాషించుచు, వీథులను, వేశవాటికలను, పానగోష్ఠులను బ్రేక్షకుల కన్నులయెదుట నిలుపును. మానవల్లి రామకృష్ణకవిగారు ఎస్. కె. రామనాథశాస్త్రిగారితోఁ గూడి 1922 లోఁ బ్రకటించిన ‘చతుర్భాణి’ వలన నీ రూపకభేదపుఁ బ్రాచీనతయు, సజీవత్వమును లోకమునకు వెల్లడి యైనవి. తెలుఁగునందును ‘క్రీడాభిరామము’ వీథి యను రూపకభేదముగా నోరుగంటి వీథులలోని వినోదములను వర్ణించినది. ఈ దృష్టితోఁ జూచినచో డాన్ లీనో యను హాస్యకారుఁడు లండను రంగముపైఁ జేసిన దంతయు రూపకమే. అతఁడు అంగడిలోని సేవకుఁడుగానో, పేట యందలి ముదుసలిగానో వేషము వేసి, మిసెస్ కెల్లీ యను కనఁబడని పొరుగింటియామెను గూర్చి సభతో మాటలాడుచుండఁగా, ప్రేక్షకులకు ఆమె కన్నులఁ గట్టినట్లుండెడిది. 1901 లో ఏడవ ఎడ్వర్డు రాజు సాండ్రింగుహాము నగరున నతని ప్రదర్శనము జూచి సంతోషించెను. లీనో 1904 లో నలువది మూఁడేండ్లకే చనిపోయెను.

శాసనము నాటకమును సంభాషణచేఁ గొలిచినది; భరతుఁడు రసముచేఁ గొలిచెను. గిన్నె యున్నచోట భూమిక యుండరాదని శాసించినవారు, తమ కన్నులయెదుటనే గిన్నెల నడుమ నొక క్రొత్త భూమిక పుట్టుటను గుర్తింపలేకపోయిరి.

6. గిన్నెయుఁ బాటయు విడివడుట

విడఁదీయు పని యొక్కనాఁడు జరుగలేదు. అగ్నిభయము దానికి మొదటి కారణము. 1878 నాఁటి శాసనము వినోదశాలల నిర్మాణమును దనిఖీ చేయించి, తగినవని యోగ్యతాపత్రము పొందిన శాలలే నడువవచ్చునని విధించెను. మార్పులు చేయించుకొనుటకు ధనము లేని పేటలయందలి చిన్న శాలలు చాల మూఁతపడెను. పెద్దశాలలందు మేజాలు తొలఁగి, నాటకశాలలందువలె వరుసగాఁ గదలని పీఠము లమర్పఁబడెను. కొంతకాలము ముందు పీఠపు వీపునకుఁ జిన్నపలకను గొట్టి, వెనుక కూర్చున్నవాఁడు గిన్నె పెట్టుకొనుటకు వీలు కల్పించిరి. అద్దము ముందుఁ గూర్చున్న యధ్యక్షుఁడు క్రమముగా నదృశ్యుఁడయ్యెను. అతనికి బదులుగా రంగపుఁ బ్రక్కను అంకె గల పలక నిలిచెను.

నీతివిచారము రెండవ కారణము. 1870 లోనే కాన్‌కాన్ అను నృత్యముమూలమున ఆల్హంబ్ర సంగీతానుజ్ఞను గోలుపోయెను. 1889 లో లండను కౌంటీ కౌన్సి లేర్పడి, యనుజ్ఞల నిచ్చు నధికారము న్యాయాధికారులనుండి దాని చేతికి వచ్చెను. 1894 లో లారా ఆర్మిస్టన్ చాంట్ అను సంస్కర్త్రి లీస్టరు చతుష్పథమునందలి ఎంపైరు శాలపై నాక్షేపణ తెచ్చెను. అచ్చటి విహారవీథికయందు మద్యముతోఁ బాటు వేశ్యావృత్తియు సాగుచున్నదని యామె వాదించెను. కౌన్సిలు ఆ వాదమును స్వీకరించి విహారవీథికకును మద్యవేదికలకును నడుమఁ దెఱలు కట్టింపఁగా, నవంబరు నెలలో యువకులు కొందఱు వానిని జించివేసిరి. ఆ యువకులలోఁ గలసి యుపన్యసించినవారిలో నొకఁడు సైనికవిద్యార్థిగా నుండిన విన్‌స్టన్ చర్చిల్. అతఁడే యీ వృత్తాంతమును 1930 లోఁ బ్రకటించిన స్వీయచరిత్రమునందు వ్రాసికొనెను.

మూలధనము మూఁడవ కారణము. తక్కిన రెంటికంటె బలవత్తరమైనది. ఎడ్వర్డు మాస్, రిచర్డు థారంటన్, ఆస్వాల్డు స్టోల్ అనువారు కలిసి 1899 లో మాస్ ఎంపైర్సు అను సంఘమును స్థాపించిరి. అనేక నగరములందలి శాల లొక్క యాజమాన్యమునకు లోఁబడినవి. 1904 వ సంవత్సరము డిసెంబరు 24 వ తేదిని స్టోల్ లండనునందుఁ గొలీసియమును దెఱచెను. ఫ్రాంక్ మాచమ్ అను శిల్పి దానిని నిర్మించెను; అందుఁ దిరుగుడు రంగస్థల ముండెను; టీ త్రాగుటకు గదు లుండెను. కుటుంబములతో వచ్చి, నిశ్శబ్దముగాఁ గూర్చుండి, చూచి పోఁదగిన స్థలమది. అచ్చటఁ బ్రేక్షకుఁడు వెల యిచ్చినది గిన్నెకుఁ గాదు, పీఠమునకు.

ఈ మార్పువలనఁ గలిగిన ఫలమును మొదట ననుభవించినవారు కళోపజీవులే. పీఠములు రాత్రికి రెండుమాఱులు నిండవలెనను లోభముచేఁ బ్రదర్శనములు హెచ్చినవి. వేతనము మాత్రము దానితోఁ బెరుగలేదు. పగటి ప్రదర్శనములకు వేఱుగా వేతన మీయకుండుటయు, ఒక శాలలోఁ బాడినవారు సమీపపు శాలలలోఁ బాడరాదను నిర్బంధమును అసంతృప్తికిఁ గారణము లయ్యెను. 1906 లో కళోపజీవుల సంఘ మేర్పడి, 1907 జనవరిలో సమ్మె ప్రారంభించెను. ఇరువదికిఁ బైఁబడిన శాలలు దానివలనఁ గుంటుపడెను. ప్రసిద్ధగాయని మేరీ లాయిడ్ తాను గోరిన వేతనమును బొందఁగలిగియుండియుఁ బేద కళోపజీవుల పక్షమున శాలల ద్వారములకడ నిలిచెను. జార్జి ఆస్క్‌విత్ మధ్యవర్తిగా తీర్పు చెప్పఁగా, కళోపజీవుల కోరికలలోఁ బెక్కు నెరవేఱెను.

7. మేరీ లాయిడ్

ఈమె 1870 లో లండనునందలి హాక్స్‌టను పేటలోఁ బుట్టెను. తండ్రి కృత్రిమపుష్పములు చేయువాఁడు; రాత్రులయందు ‘ఈగిల్’ పానశాలలోఁ బానీయములు నందించు పరిచారకుఁడు. 1885 లో, పదునైదేండ్ల ప్రాయమున, ఆమె యా పానశాలకుఁ జేరిన రంగముపైననే మొదట పాడెను. తండ్రి గిన్నెల నందించినచోటనే కూఁతురు భూమికను ధరించిన దన్నమాట.

1912 జూలై 1 వ తేదిని అయిదవ జార్జి రాజు సన్నిధిని ప్యాలెసు శాలలో వినోదకళోపజీవుల మహాప్రదర్శనము జరిగెను. అందు మేరీ లాయిడునకుఁ జోటు దొరకలేదు. ఆమె పాటలు వ్యంగ్యార్థములకుఁ బేరుపడియుండుటయు, సమ్మెనాఁటి వైరమును దీనికిఁ గారణములని చెప్పుదురు. పానశాలనుండి పుట్టిన కళకు రాజసన్మానము లభించిన దినముననే, పానశాలనుండి వచ్చిన గాయని వెలుపల నుండెను. 1922 అక్టోబరులో ఎడ్మంటను ఎంపైరునందుఁ బాడుచుఁ గ్రుంగి, మూఁడు దినములకు మరణించెను. అంత్యయాత్రకు వేలకొలఁది జనులు వచ్చిరి. టి. ఎస్. ఇలియట్ అను కవి యామెను గూర్చి వ్రాసిన వ్యాసమునందు, సామాన్యుఁడు మ్యూజిక్ హాలులోఁ బల్లవి యందుకొని కళలోఁ దాను భాగస్వామి యగుచుండెననియుఁ, జలనచిత్రము ముందు వాఁ డూరక కూర్చుండువాఁ డగుననియు నభిప్రాయపడెను.

8. నిర్ణయము

ఇఁక మొదటి రెండభిప్రాయములను విచారింపవచ్చును. చలనచిత్రమే యీ శాలలను గూల్చినదను మాట కాలక్రమముతోఁ బొసఁగదు. చలనచిత్రము 1896 మార్చి నెలలోనే ఎంపైరునందును ఆల్హంబ్రయందును బ్రదర్శింపఁబడెను. శాలలవారే దానిని దమ కార్యక్రమములో నొక వంతుగాఁ బిలిచి తెచ్చికొనిరి. మేజాలు, అధ్యక్షుఁడు, పల్లవి పలుకు సభ, ఇవి యున్నంతకాలము అది యొక వంతే. జనులు వరుసలలో నిశ్శబ్దముగాఁ గూర్చుండుట యలవడిన పిమ్మటనే, ఆ నిశ్శబ్దమున కనువైన తెఱ ప్రధానమయ్యెను. కావున చలనచిత్రము ఖాళీయైన యింటికి వచ్చిన వారసుఁడే గాని హంత గాదు.

మద్యమే మూలదోషమను రెండవ మాటయందు సత్యాంశము కలదు. లేబోర్ను మరణము దానికి సాక్షి. ఎంపైరు విహారవీథిక సాక్షి. మద్యవ్యాపారులు పాటను దమ సరుకునకు బంటుగాఁ జేసికొనిరనుటయు నిజమే. కాని మద్యమును దొలఁగించిన పిదప ఆ కళ బ్రదుకలేదు. సంస్కర్తలు దోషమును దొలఁగింపఁ గోరిరి. దోషముతోఁ బాటు సంబంధమును దెగినది. గిన్నెకు వెల యిచ్చి కూర్చున్నవాఁడు ఆ యింటికి అతిథి. పాట నచ్చకున్నఁ బలుకును, నచ్చినఁ బల్లవి నందుకొనును. పీఠమునకు వెల యిచ్చి కూర్చున్నవాఁడు కొనుగోలుదారుఁడు. వానికి మాటలాడు పని లేదు. శాలలను గాపాడినదియు గిన్నెలోని మద్యము గాదు, గిన్నె చుట్టు నేర్పడిన గోష్ఠి. అమరుఁ డాపానమునకుఁ బానగోష్ఠికను బర్యాయముగాఁ జెప్పుటలోని యౌచిత్య మిచ్చటఁ దెలియఁగలదు. పానమును దొలఁగించియు గోష్ఠిని నిలుపుకొనుట దుస్సాధ్యము గాదు. మన హరికథకుఁడు పల్లవి నెత్తఁగా సభయంతయు నందుకొనుట దానికి నిదర్శనము. లండనువా రా మార్గమును వెదకలేదు. పానముతోఁ బాటు గోష్ఠిని గూడఁ ద్యజించిరి.

ఆల్హంబ్ర 1936 లోఁ గూల్పఁబడెను. కాంటర్‌బరీ శాల 1942 లో బాంబుచే నాశనమయ్యెను. లీడ్సు నగరమున 1865 లో నొక పానశాలకుఁ జేరి వెలసిన సిటీ వెరైటీసు శాల నిలిచియుండఁగా, బి.బి.సి. వారు 1953 మొదలు 1983 వఱకు నచ్చటినుండి ప్రాఁతకాలపు వేషములతోఁ బ్రదర్శనములను దూరదర్శనమునఁ జూపిరి. అధ్యక్షుఁడును సుత్తియు మరల వచ్చిరి. లండనునందలి విల్టను శాల 1888 లో మెథడిస్టు క్రైస్తవుల ధర్మశాల యయ్యెను. 1889 లో రేవుకూలీలు సమ్మె చేసినప్పుడు దినమునకు రెండువేల భోజనము లచ్చట బెట్టిరి. 1960 వ దశకమునఁ గూల్పఁబడనున్న యా శాలను జాన్ బెట్జమన్ మొదలగువారు కాపాడిరి. 2015 నాఁటికి జీర్ణోద్ధారణము ముగిసి, యిప్పు డందుఁ బాటలు వినవచ్చుచున్నవి. లోపలికిఁ బోవలెనన్న, నేఁటికిని బానశాలగా నున్న ముందరి గదులగుండనే పోవలెను.